ఆల్టో మూడో సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ: రింగులేనా?

#1 వశిష్టగట్టు, పి.గన్నవరం

అందరికీ నమస్కారమండి. మాది 2008 మోడల్ ఆల్టో, పెట్రోలు, మూడు సిలిండర్ల బండి. లక్షా పది వేలు తిరిగింది. కొన్నాళ్లుగా ఐడిలింగ్‌లో ఒళ్లంతా వణుకుతోంది. సిద్ధాంతం వంతెన ఎక్కేటప్పుడు నాలుగో గేరులో లాగలేక మూడులోకి దించాల్సి వస్తోంది. ప్లగ్గులు, హెచ్‌టీ వైర్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. తేడా లేదు. మా మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "ఇంజన్ చేయించెయ్యండి, పాతిక వేలవుతుంది" అని మళ్లీ మూసేశాడు.

కొలవకుండా పాతిక వేలు ఎలా ఇస్తామండి? ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలు పెట్టి కంప్రెషన్ గేజి (సిలిండర్లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో కొలిచేది) తెప్పించుకున్నా. ఆదివారం పాకలో బండి పెట్టి ఒక్కో ప్లగ్గూ తీసి చూశాను. టైమింగ్ బెల్ట్ వైపు నుంచి వరసగా 95, 98, 74 పీఎస్ఐ. మూడూ పోయినట్టేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

#2 నల్లగ్రీజు, భీమవరం

74 అంటే ఇంజన్ పోయినట్టే అన్నా. చేయించెయ్.

#3 పాత800, రాజమండ్రి

వశిష్ట గారూ, ఇంకా ఎవరికీ డబ్బులివ్వకండి. మూడూ తక్కువ చూపిస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఇంజన్‌ని కాదు, కొలిచిన పద్ధతిని. బాగున్న పెట్రోలు ఇంజన్ మామూలుగా 150కి పైనే చూపిస్తుంది. మూడు సిలిండర్లూ ఒకేసారి 95కి పడిపోతే ఆ బండి పొద్దున్నే స్టార్ట్ అవ్వడమే కష్టం. మీది సిద్ధాంతం దాకా వెళ్లొస్తోంది కదా.

ఒక్కో ప్లగ్గూ తీసి చూశానన్నారు. అక్కడే వచ్చింది తేడా. మూడు ప్లగ్గులూ ఒకేసారి తీసెయ్యాలి. లేకపోతే సెల్ఫ్ మోటారు మిగతా రెండు సిలిండర్ల గాలిని కూడా నొక్కుతూ తిరగాలి, వేగం రాదు, రీడింగ్ రాదు. రెండోది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి ఉంచారా? థ్రాటిల్ మూసి ఉంటే లోపలికి గాలే వెళ్లదు, గేజి ఏం కొలుస్తుంది? మూడోది బ్యాటరీ. మీరు బండి తక్కువ తీస్తున్నట్టున్నారు, రాత్రంతా చార్జింగ్ పెట్టండి.

ఇంజన్ వేడెక్కేదాకా నడిపి ఆపండి. వెంటనే ప్లగ్గుల జోలికి వెళ్లకండి. హెడ్డు (సిలిండర్ల పై మూత) అల్యూమినియం, మరీ వేడి మీద తిప్పితే మరలు ఊడి వచ్చేస్తాయి. చెయ్యి ఆనించగలిగేదాకా, ఒక పావుగంట ఆగండి. ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టిని గాలి కొట్టి ఊదేశాకే విప్పాలి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకే. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకండి, కాయిల్ సాకెట్ కూడా పీకండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి వస్తుంటే పక్కన వైరు నిప్పురవ్వ కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గేజి గొట్టాన్ని చేత్తోనే బిగించండి, స్పానర్ వద్దు. ఇంకొకర్ని కూర్చోబెట్టి సెల్ఫ్ కొట్టించండి. ముల్లు ఐదారుసార్లు ఎగిరి ఒకచోట ఆగుతుంది. ఆగిన చోటు రాసుకోండి, మొదటి దెబ్బకి ఎంత లేచిందో అదీ రాసుకోండి. మొదటి దెబ్బకి కొంచెమే లేచి తర్వాత మెల్లగా పెరుగుతూ పోతే ఒక అర్థం, మొదట్నుంచీ చివరిదాకా తక్కువే ఉంటే ఇంకో అర్థం. అన్ని సిలిండర్లకీ అన్నే దెబ్బలు కొట్టాలి సుమండీ.

#4 చేపలచెరువు, ఆకివీడు

ఇదే గేజి డీజిల్‌కి పనిచేస్తుందాండి? చెరువు దగ్గర జనరేటరు తెల్లపొగ వదులుతోంది. ఏరియేటర్లన్నీ దాని మీదే. రాత్రి కరెంటు పోయి అది కూడా ఆగిందంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది.

#5 పాత800, రాజమండ్రి

చేపలచెరువు గారూ, వద్దండి. డీజిల్‌లో 350 నుంచి 450 పీఎస్ఐ దాకా వస్తుంది. ఈ గేజి 300 దగ్గరే ఆగిపోతుంది, పగిలి మొహం మీదికి వచ్చినా రావచ్చు. డీజిల్‌కి వేరే గేజి, అది ఇంజెక్టర్ తీసిన చోటో హీటర్ ప్లగ్గు తీసిన చోటో బిగించాలి. మీ జనరేటర్ సంగతి వేరే చర్చ పెట్టండి, చెబుతాను. తెల్లపొగకి కంప్రెషన్ ఒక్కటే కారణం కాదు.

#6 నల్లగ్రీజు, భీమవరం

ఇంత తతంగం ఎందుకు గురువు గారూ. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత తీస్తే చాలు. గుప్పుగుప్పున పొగ కొడితే పిస్టన్ చుట్టూ గాలి జారకుండా ఆపే రింగులు పోయినట్టు. మా షాపులో ఇరవై ఏళ్లుగా ఇదే గేజి 😀

#7 పాత800, రాజమండ్రి

ఆ మూత పొగ ఏదో పోయిందని చెబుతుంది. ఏ సిలిండర్లో పోయిందో చెప్పదు తమ్ముడూ.

#8 వశిష్టగట్టు, పి.గన్నవరం

ఆయ్, గురువు గారు చెప్పినట్టే చేశానండి. మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టి "అడుగంటా తొక్కు" అంటే ముందు బ్రేకు తొక్కింది, రెండోసారి క్లచ్చి. మూడోసారికి కుదిరింది.

రీడింగులు: 168, 170, 132. మొదటి దెబ్బకి మొదటి రెండూ దాదాపు 90కి లేచాయి, మూడోది 70 దగ్గర.

తర్వాత మూడో సిలిండర్లో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాను. 154 వచ్చింది! ఆయిల్ పోస్తే పెరిగితే రింగులేనని ఎక్కడో చదివాను. అంటే మెకానిక్ చెప్పిందే నిజమా?

#9 నల్లగ్రీజు, భీమవరం

చెప్పానా లేదా.

#10 గౌతమిగట్టు, యానాం

మధ్యలో వస్తున్నా, క్షమించాలి. మా తమ్ముడు అరకులో ఉంటాడు, వాడి వ్యాగన్ఆర్‌కి నాలుగు సిలిండర్లూ 150 దగ్గరే చూపించాయట. ఇక్కడ 170 అంటున్నారు. వాడిది పాడైనట్టా?

#11 పాత800, రాజమండ్రి

గౌతమి గారూ, పాడవ్వలేదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన. వెయ్యి అడుగులు ఎక్కితే రీడింగ్ మూడు శాతం దాకా తగ్గుతుంది. మన డెల్టాలో ఆ లెక్క అక్కర్లేదు, మనం దాదాపు సముద్రం ఒడ్డునే ఉన్నాం. నాలుగూ ఒకే వరసలో ఉన్నాయి కదా, హాయిగా తిరగమనండి.

వశిష్ట గారూ, ఇక మీ సంగతి. 168, 170 చక్కగా ఉన్నాయి. మూడోది వాటికంటే ఇరవై రెండు శాతం తక్కువ. పది శాతం లోపు తేడా అయితే పట్టించుకోవద్దంటాను, ఇది నిజమైన లోపమే. కానీ రింగులని అప్పుడే తేల్చెయ్యకండి. ఆయిల్ పరీక్షలో ఒక మెలిక ఉంది.

మీ ఇంజన్ మొత్తం 796 సీసీ, ఒక్కో సిలిండర్ 265. కంప్రెషన్ రేషియో తొమ్మిది అనుకుందాం, అంటే గాలి తొమ్మిదో వంతు చోటుకి నలుగుతుంది. పిస్టన్ పైకి చేరాక మిగిలే ఖాళీ దాదాపు 33 సీసీ. ఆ ఇరుకులో మీరు 5 సీసీ ఆయిల్ పోశారు. ఖాళీ 28కి తగ్గింది. గాలి అంతే, నొక్కే చోటు చిన్నదైంది. రింగులు కొత్తవైనా ముల్లు పైకి లేవాల్సిందే! పెద్ద ఇంజన్లలో ఒక చెంచా ఆయిల్‌కి తేడా తెలియదు, మూడు సిలిండర్ల చిన్న బండిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతో బాగున్న ఇంజన్లు విప్పినవాళ్లని చూశాను. నేనూ ఒకటి విప్పాను, 1990ల్లో, ఎవరి బండో చెప్పను.

మూడోది ఆరనిచ్చి, అదే ఆయిల్, అదే చెంచాతో ఒకటో సిలిండర్లో పోసి చూడండి.

#12 వశిష్టగట్టు, పి.గన్నవరం

చూశానండి. ఒకటోది 168 నుంచి 194కి వెళ్లింది.

#13 పాత800, రాజమండ్రి

132 నుంచి 154, దాదాపు పదిహేడు శాతం. 168 నుంచి 194, పదిహేను పైన. రెండూ ఒకలాగే పెరిగాయి. ఆయిల్ మూడోదానికి ప్రత్యేకంగా చేసిన మేలేమీ లేదు, అంటే రింగులు కాదు. ఇక వాల్వులైనా కావాలి, హెడ్డు కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ అయినా కావాలి.

#14 గ్యాసుబండి, అమలాపురం

వాల్వులంటే నా అనుభవం చెబుతా. నాది ఓమ్ని, గ్యాస్ కిట్టు పెట్టించాను. రెండేళ్లకి ఇలాగే వణుకు. పెట్రోల్లో ఉండే తడి గ్యాసులో ఉండదు కదండి, వాల్వు కూర్చునే సీటు తొందరగా అరుగుతుంది. సీటు అరిగితే వాల్వు లోపలికి దిగి కూర్చుంటుంది, టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య సందు) తగ్గిపోతుంది, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ 100కి పడింది. టాపెట్లు సరిచేయిస్తే 160కి వచ్చింది, ఖర్చు ఆరు వందలు. అప్పట్నుంచీ పది వేల కిలోమీటర్లకోసారి గ్యాప్ చూపిస్తున్నా. ఇంజన్ చేయించమన్నవాళ్లు నాకూ ఉన్నారు లెండి.

#15 వశిష్టగట్టు, పి.గన్నవరం

మాది గ్యాసు కాదండి, ఒట్టి పెట్రోలే. అయినా మీ మాట విని వేరే మెకానిక్ దగ్గర చల్లారిన ఇంజన్‌కి సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టించి టాపెట్లు చూపించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయట.

#16 పాత800, రాజమండ్రి

అయితే గాలి ఎటు పోతోందో చెవితో వినాలి. మీ ఊళ్లో పంక్చర్ షాపులో కంప్రెసర్ ఉంటుంది కదా. పాత ప్లగ్గులో పింగాణీ పగలగొట్టి తీసేసి, మిగిలిన ఇనప గుల్లకి గాలి నిపుల్ వెల్డింగ్ చేయించండి. దాన్ని మూడో సిలిండర్‌కి బిగించి, పిస్టన్ కంప్రెషన్‌లో సరిగ్గా పైన ఉన్నప్పుడు గాలి ఎక్కించండి. పైన లేకపోతే గాలి దెబ్బకి ఇంజన్ గిర్రున తిరుగుతుంది. బండి టాప్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి ఇటుకలు పెట్టండి. ఫ్యాను దగ్గర చేతులు పెట్టొద్దు.

గాలి ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ (మూత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీసి పెట్టుకోండి). మిగతా సిలిండర్లకీ చేస్తేనే పోల్చుకోగలరు.

#17 నల్లగ్రీజు, భీమవరం

పంక్చర్ షాపులో ఇంజన్ వైద్యం. ఇదింకా చూడలేదు. ఏమొచ్చిందో చెప్పన్నా, నాకూ ఆసక్తిగా ఉంది.

#18 వశిష్టగట్టు, పి.గన్నవరం

చేశామండి. షాపు దగ్గర సగం ఊరు చేరింది. మూడు సిలిండర్లకీ ఆయిల్ మూత దగ్గర సన్నగా సుయ్యిమంది, మూడింటికీ ఒకేలా. ఎయిర్ ఫిల్టర్ దగ్గర లేదు, సైలెన్సర్లో లేదు, రేడియేటర్లో బుడగ లేదు.

రింగులు బాగున్నాయి, వాల్వులు బాగున్నాయి, గ్యాస్కెట్ బాగుంది. మరి ఆ 132 ఎక్కణ్ణుంచి వచ్చిందండి? గేజి తప్పా అంటే మిగతా రెండింటికీ సరిగ్గానే చూపిస్తోంది. నాకు పిచ్చెక్కిపోతోంది.

#19 ఈ20వద్దు, తణుకు

ఇదంతా ఇథనాల్ పెట్రోలు మహిమ. పాత బండ్లన్నీ ఇలాగే

#20 నిర్వాహకుడు

ఇథనాల్ మీద ఇప్పటికే నాలుగు చర్చలు నడుస్తున్నాయి. అక్కడ రాయగలరు.

#21 లంకకుర్రోడు, కనకాయలంక

నాకు మెకానిక్ పని రాదు. ఒక్క ప్రశ్న. ఆ బండి ఎప్పుడైనా నీళ్లలోకి దిగిందా?

ఎందుకంటే మా చాకలిపాలెం కాజ్‌వే గోదారి కొంచెం పొంగితే చాలు మునుగుతుంది. మొదటి ప్రమాద హెచ్చరిక, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు, అదెప్పుడొస్తుందా అని మేం ఎదురుచూడక్కర్లేదు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు సంగతి సరేసరి, నెలల తరబడి పడవలే. మా నాన్నకి అదీ ఆనదు, 1986లో 35 లక్షలు చూశానంటాడు. ఏటా ఎవరో ఒకరు "ముణుకుల లోతే కదా" అని కారు దింపుతారు, మధ్యలో ఆగిపోతుంది. మేం ట్రాక్టరుతో లాగుతాం. అలా లాగిన ఒక కారు తర్వాత మీరు చెప్పినట్టే వణికేది.

#22 పాత800, రాజమండ్రి

అయ్యో, ఇది నేను మొదటి రోజే అడగాల్సింది. శభాష్ తమ్ముడూ.

#23 వశిష్టగట్టు, పి.గన్నవరం

నేనైతే ఎప్పుడూ దింపలేదండి. కానీ కిందటేడాది ఆగస్టులో మా బావ బండి పట్టుకెళ్లి రెండు రోజులు ఉంచుకున్నాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు "లేదు లేదు, రోడ్డు మీదే వెళ్లాను" అన్నాడు. ఆ రోడ్డు మీద నీళ్లున్నాయా అంటే "కొంచెం" అన్నాడు. ఎంత కొంచెం అంటే, మధ్యలో బండి ఆగిందట, రెండుమూడు సార్లు సెల్ఫ్ కొట్టాడట, టక్కుమని పట్టేసిందట. అవతల ఒడ్డున ఎవరో ప్లగ్గులు విప్పి నీళ్లు చిమ్మించి, ఆయిల్ మార్చి స్టార్ట్ చేసి ఇచ్చారట. నాకు మాత్రం కడిగించి మరీ తెచ్చిచ్చాడు! అబ్బ, ఎంత మంచివాడో అనుకున్నా అప్పుడు.

#24 పాత800, రాజమండ్రి

ఇక దొరికింది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఇందాక చెప్పిన ఆ 33 సీసీ ఖాళీ ఎంతో తెలుసా? చిన్న టీ గ్లాసులో మూడో వంతు. అంతకంటే ఎక్కువ నీళ్లు సిలిండర్లో ఉంటే పిస్టన్ పైదాకా రాలేదు. కింద క్రాంకు తోస్తూనే ఉంటుంది, మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బాగా వంగితే అప్పుడే బ్లాకు పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కొంచెం వంగితే మీ బండిలా ఏడాది తిరుగుతుంది.

రాడ్ వంగితే దాని పొడవు తగ్గుతుంది, పిస్టన్ మునుపటంత పైకి వెళ్లదు. 68.5 మిల్లీమీటర్ల బోరులో పిస్టన్ 2 మిల్లీమీటర్లు కిందే ఆగిపోతే ఖాళీ ఏడు సీసీకి పైగా పెరుగుతుంది. తొమ్మిది ఉన్న రేషియో ఏడున్నరకి పడుతుంది. ముల్లు ఇరవై శాతం దాకా తగ్గుతుంది. మీకు తగ్గింది ఇరవై రెండు. ఎక్కడా లీకు లేకుండా రీడింగ్ తగ్గింది అందుకే.

విప్పేముందు ఒకటి చూడండి. మూడు ప్లగ్గులూ తీసి, సన్నటి పొడవాటి పుల్ల ఒకటో రంధ్రంలోంచి పిస్టన్‌కి ఆనేలా నిలబెట్టండి. టాప్ గేరులో బండిని ఇంచి ఇంచి ముందుకి తోయించండి. పుల్ల పైకి లేచి, మళ్లీ దిగడం మొదలుపెట్టే చోట హెడ్డు అంచుకి సరిగ్గా గీత పెట్టండి. అదే పుల్ల, అదే వాలు, మిగతా రెండింటికీ.

#25 గ్యాసుబండి, అమలాపురం

కొబ్బరి ఈనె సరిపోతుందా? మన దగ్గర పుల్లలకి కరువా.

#26 పాత800, రాజమండ్రి

ఈనె వద్దు బాబూ. వంగుతుంది, కొలత తప్పుతుంది. విరిగి లోపల పడితే దానికోసమే హెడ్డు దించాలి. ఇనప చువ్వ అసలొద్దు, గీతలు పడతాయి. గట్టి వెదురు పుల్ల, చేతికి పట్టు దొరికేలా జానెడు బయటికి ఉండాలి.

#27 వశిష్టగట్టు, పి.గన్నవరం

ఒకటి, రెండు గీతలు కలిసిపోయాయి. మూడోది రెండు మిల్లీమీటర్లకి పైనే లోతు. మూడుసార్లు చూశాను. బావని పిలిచి బండి తోయించాను, ఆయనకీ చూపించాను. ఏం మాట్లాడలేదు.

#28 గౌతమిగట్టు, యానాం

ఇన్సూరెన్స్ రాదాండి?

#29 గ్యాసుబండి, అమలాపురం

ఏడాది తర్వాత ఎవరిస్తారు? పైగా 2008 బండికి థర్డ్ పార్టీయే ఉండి ఉంటుంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీళ్లలో సెల్ఫ్ కొట్టి ఇంజన్ పోగొట్టుకుంటే మామూలు పాలసీలో సాధారణంగా ఇవ్వరు. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కట్టుకోవాలి. లంకల్లో తిరిగేవాళ్లు అది కట్టుకుంటే మంచిది.

#30 వశిష్టగట్టు, పి.గన్నవరం

మూడు వారాల తర్వాత రాస్తున్నా. రాజమండ్రిలో హెడ్డు, కింద ఆయిల్ చాంబరు దించి చూశారు. మూడో రాడ్ కంటికి పెద్దగా తెలియలేదు, పక్కన మంచి రాడ్ పెడితే అప్పుడు కనిపించింది వంపు. బోరు పైభాగంలో మిగతా రెండింటికీ సన్నటి మసి పట్టీ ఉంటే, మూడోదానికి వెడల్పుగా ఉంది. పిస్టన్ అక్కడిదాకా వెళ్లడం మానేసి ఏడాదైంది కదా మరి. పిస్టన్ కూడా ఒక పక్కకే అరిగింది. రాడ్, పిస్టన్, మూడోదానికి రింగులు, అన్నిటికీ బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ వేశారు. బోరింగ్ అక్కర్లేదన్నారు. మొత్తం పదకొండు వేల రెండు వందలు. అందులో ఆరు వేలు బావ ఇచ్చాడు, అడక్కుండానే.

అయిదు వందల కిలోమీటర్లు తిప్పి నిన్న మళ్లీ గేజి పెట్టాను: 169, 170, 166. వణుకు లేదు. నాలుగో గేరులోనే వంతెన ఎక్కింది.

గురువు గారికి ఆత్రేయపురం పూతరేకులు పంపాలనుకుంటున్నా. బెల్లంవా, పంచదారవా?

#31 పాత800, రాజమండ్రి

బెల్లంవి. సగం లంకకుర్రోడికి పంపండి. ఆ ప్రశ్న అడిగింది ఆయన.

#32 లంకకుర్రోడు, కనకాయలంక

కాజ్‌వే మీద నీళ్లున్నాయి. తగ్గాక పంపండి 😀

#33 నల్లగ్రీజు, భీమవరం

అన్నా, ఆ గేజి ఒక వారం ఇస్తావా? షాపులో ఒక స్విఫ్ట్ ఉంది, పొగ లేదు, పికప్ లేదు. పాలకొల్లు బస్సులో పార్సిల్ వేస్తే నేను తీసుకుంటా.

#34 వశిష్టగట్టు, పి.గన్నవరం

రేపు పొద్దున వేస్తా. గొట్టం చివర చిన్న రబ్బరు రింగు ఉంటుంది, జాగ్రత్త. అది పోతే అన్ని బండ్లకీ 95 చూపిస్తుంది.